మొగలిపొదలో దొరికిన బండి

కృపాదానం రంగూన్‌లో పుట్టి, నలభై ఏళ్లు అక్కడే బతికి, పంతొమ్మిది వందల అరవై నాలుగులో బర్మా వదలాల్సి వచ్చిన మనవాళ్లందరితోపాటు ఓడెక్కి మద్రాసులో దిగాడు. తాతగారి ఊరు కదా అని ఇందుకూరుపేట వచ్చాడు గాని, అక్కడ ఆయన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. నోరు తెరిస్తే ఆ యాసకు జనం నవ్వేవాళ్లు. పేరు పెట్టి పిలవకుండా "బర్మా ఆయన" అనేవాళ్లు. అందరూ సొంత దేశానికి వచ్చావన్నారు గాని, ఆయనకు ఇదే పరాయి దేశం.

ఊరి డాక్టరుగారి దగ్గర కాంపౌండరు పని దొరికింది. సముద్రపు ఒడ్డు పల్లెలకు పోయి సూదులు వేసి రావాలి. ఇసుకదారుల్లో నడిచి నడిచి మోకాళ్లు పట్టేసేవి. అది చూసి డాక్టరుగారు తన షెడ్డులో మూలపడి ఉన్న చిన్న మోటారు సైకిలు చూపించారు. పాత ఇంగ్లీషు బండి. సగం సామాను లేదు.

"బాగుచేసుకుంటే నీదే" అన్నారు.

రంగూన్‌లో ఆసుపత్రి పనిలో కుదరకముందు కృపాదానం అక్కడే మోటారు షెడ్డులో పనిచేసినవాడు. చేతులకు ఆ పని గుర్తుంది. సంతవీధిలో మెకానిక్ దరియావలి దుకాణం వెనక బండి పెట్టుకుని, సాయంత్రాలు కూర్చునేవాడు. కిరసనాయిలు, ఇటుకపొడి వేసి తుప్పు రుద్దాడు. పాత చెప్పు తోలు కత్తిరించి వాషర్లు చేశాడు. పడవలకు వేసే నల్లరంగు తెచ్చి పూశాడు. తెరచాప గుడ్డతో సీటు కుట్టాడు. అంతవరకు బాగానే ఉంది. గేర్లు లేవు, కార్బురేటరు లేదు, ముందు లైటు లేదు.

"ఈ సామాను మద్రాసులో కూడా దొరకదన్నా" అన్నాడు దరియావలి. "ఈ తీరం మొత్తానికి ఇట్టాంటి బండి ఇంకొకటే ఉండేది. సంజీవరావు సారుది. మూడేళ్ల కిందట ఆ బండెక్కి పోయినోడు మళ్లా రాలా. ఎవతెనో లేపుకొని పోయినాడంటారు. ఆనందకుమారి టీచరమ్మ లేదూ, ఆమె మొగుడే."

ఆనందకుమారిని కృపాదానం ఎరుగును. ఆదివారం ప్రార్థనలో చివరి వరసలో ఒక్కతే కూర్చునేది. ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.

వైశాఖమాసంలో ఒక మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున ఉన్న మైపాడు వైపునుంచి నడిచి వస్తూ, ఒంటేలు పోసుకోవడానికి దారి దిగి మొగలిపొదల్లోకి వెళ్లాడు. పాములుంటాయని అటు ఎవరూ పోరు. లోపల పూడిపోయిన పాత దొరువు ఒకటుంది. ఒకప్పుడు మంచినీళ్లకు తవ్వుకున్న ఇసుక గుంట. దాని అంచున హ్యాండిలు బారు కనిపించింది. ఇసుక తోశాడు. నల్ల ట్యాంకు. చక్రం. బండి కింద ఖాకీ ప్యాంటు. ప్యాంటులో ఎముకలు.

చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. చెబితే పోలీసులు వస్తారు. నువ్వెవరు, ఇక్కడికెందుకు వచ్చావు, నీకేం పని అంటారు. బండిని లాక్కుపోయి స్టేషను ముందు పడేస్తారు. తను మళ్లీ నడవాలి. ఇట్లా ఆలోచించుకున్నాడు. మర్నాడు స్పానర్లు పట్టుకొచ్చాడు. ఎముకల వంక చూడకుండా నట్లు విప్పాడు. కావలసినవన్నీ సంచిలో వేసుకుని, మిగిలినదాని మీద ఇసుక కప్పేశాడు.

సంచి విప్పిన రోజు దరియావలి లైటును చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఇది యాడిదన్నా?"

"మద్రాసులో దొరికింది."

"ఈ సొట్ట నేను కొట్టి తీసిందే." లైటును మెల్లగా బల్ల మీద పెట్టాడు. "నేనేం అడగను. నువ్వూ ఏం చెప్పొద్దు. చీకటిపడే వేళ మాత్రం టీచరమ్మ ఇంటి మీదుగా పోబాక."

బండి లేచింది. మోకాళ్ల నొప్పి తగ్గింది. నెలరోజులు హాయిగా తిరిగాడు. కాని ఒక సాయంత్రం, ఎంత తిప్పినా హ్యాండిలు తిరగక, బండి తిన్నగా ఆనందకుమారి వాకిట్లోకి పోయి ఆగింది. ఆమె అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈ చప్పుడు నాకు తెలుసన్నా" అంది. "గేరు మార్చేటప్పుడు కీచుమంటుంది చూడండి, అది ఆయన బండే. ఎవరమ్మారు మీకు?"

కృపాదానం చూపు తిప్పుకున్నాడు. "ఆయనే... సంజీవరావుగారే అమ్మినారమ్మా. మద్రాసులో."

"బతికే ఉన్నారా!"

"ఉన్నారు."

"ఎక్కడ ఉంటున్నారు? ఆ వీధి పేరేమైనా..."

అబద్ధానికి చిరునామా ఎక్కడినుంచి తెస్తాడు? నోటికొచ్చింది రంగూన్‌లో తను వదిలేసి వచ్చిన ఇల్లే. నలభై ఏడో వీధి, పన్నెండో నెంబరు, మేడమీద. అట్లాంటి వీధి మద్రాసులో లేదు.

ఆమె ఆ నెంబరును రెండుసార్లు లోలోపల అనుకుంది. తర్వాత అడిగింది. "సంతోషంగా ఉన్నారా?"

"ఉన్నారమ్మా."

తలుపు మెల్లగా వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు కృపాదానానికి చాలాసేపు వినిపిస్తూనే ఉంది.

మూడోరోజు మైపాడులో ఒక ముసలామెకు జ్వరం ఎక్కువై, బయలుదేరేసరికి పొద్దుగూకింది. గాలి ఆగిపోయింది. సముద్రపు హోరు వెనక్కి పోతూ పోతూ అణిగింది. ఇక ఇంజను చప్పుడొక్కటే. మొగలిపొదల పక్కకు వచ్చేసరికి పూల వాసన గుప్పుమంది. దాంట్లో కలిసి మరో వాసన... మురిగిన పెట్రోలు, ఎండిన తోలు.

వెనక చక్రం ఒక్కసారి ఇసుకలో దిగబడింది.

ఎవరో ఎక్కినట్టు.

వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాడు. వీపుకు ఏదో ఆనుకుంది. చల్లగా లేదు... పగలంతా ఎండలో కాగిన ఇసుకలా వెచ్చగా ఉంది. బండి ఆపుదామని పెట్రోలు కట్టేశాడు. ఇంజను ఆగలేదు. వంగి ప్లగ్గు తీగ పీకేశాడు. తీగ చేతిలోనే ఉంది... ఇంజను ఆడుతూనే ఉంది. చెవి పక్కన, ఊపిరి లేని గుసగుస.

"ఆమెతో ఏం చెప్పినావు?"

కృపాదానం హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

"నేను సంతోషంగా ఉన్నానని చెప్పినావా?"

అంతే. ఇంజను దానంతటదే ఆగింది. బరువు దిగిపోయింది. అగ్గిపుల్ల గీసి ఇసుక చూశాడు. ఒక్కటే చక్రాల జాడ. పొదల్లోంచి వట్టి కాళ్ల గుర్తులు వచ్చి, ఆ జాడ దగ్గర ఆగిపోయాయి. దిగి వెళ్లిన గుర్తులు ఎక్కడా లేవు.

తెల్లారగానే నిజం చెప్పేయాలని ఆనందకుమారి ఇంటికి పరుగెత్తాడు. తలుపుకు తాళం. పక్కింటి రెబెక్కమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"టీచరమ్మ మొన్ననే మద్రాసు పోయింది నాయనా. మొగుడి జాడ తెలిసిందంట. చేతి గాజులు కూడా అమ్ముకొని పోయింది. మూడేళ్ల తరవాత ఆ ముఖంలో నవ్వు చూసినా."

కృపాదానం గుమ్మం మీదే కూర్చుండిపోయాడు. తర్వాత దరియావలిని వెంటబెట్టుకుని పొదల్లోకి వెళ్లాడు. అంతా చెప్పాడు. ఇద్దరూ దొరువు అంచున నడుములోతు తవ్వారు. బండి చట్రం ఉంది. ఎముకలు లేవు. ఖాకీ గుడ్డ పీలిక కూడా లేదు.

"ఆమెకు నిజం చెప్పుంటే ఏడ్చి ఊరుకునేదన్నా" అన్నాడు దరియావలి. పార భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత కృపాదానంతో మాట్లాడలేదు.

వారం గడిచింది. ఆమె రాలేదు. ఎనిమిదోనాటి పొద్దున్నే గది తలుపు కింద ఒక కార్డు కనిపించింది. ఆనందకుమారి గుండ్రటి దస్తూరీ.

"కృపాదానం అన్నయ్యకు. మీరు చెప్పిన వీధి మద్రాసులో లేనే లేదని అందరూ అన్నారు. నాలుగు రోజులు తిరిగాను. అయిదోరోజు చీకటిపడుతుంటే దొరికింది. తలుపు ఆయనే తీశారు. బాగా చిక్కిపోయారు. ఇంట్లో దీపం పెట్టనివ్వరు. నన్ను బయటికి పోనివ్వరు. మీరు వస్తారని లోపలి గదిలో చాప పరిచి ఉంచారు."

దాని కింద ఒక్క వరస, వేరే దస్తూరీలో ఉంది.

"తొందర లేదు."

కృపాదానం ఆ మాట మీద వేలు పెట్టాడు. సిరా అంటుకుంది. ఇంకా ఆరలేదు.