ఏడో గల్లీలో గిన్నెల మిషను

ఆమె పేరు పెంటమ్మ. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత కుదరదు. పుట్టిన పిల్లలు ఎవరూ దక్కని ఇంట్లో ఈ ఒక్కతైనా బతకాలని పెట్టిన పేరు అది. బతికింది. మెత్తగా మాట్లాడుతూ కళ్లు దించుకునే హీరోయిన్ కావాలంటే వేరే పుస్తకం చూసుకోండి.

కామాటిపుర ఏడో గల్లీలో, వరస గదులున్న ఒక పాత చాల్ కింది అంతస్తులో, తల్లి లచ్చమ్మతో కలిసి ఆమె ఖానావళి నడిపేది. పాలమూరు నుంచి వచ్చి బొంబాయి బిల్డింగుల మీదికి సిమెంటు మోసే కూలీలకు రెండు పూటలా రొట్టె, అన్నం, పప్పు, పచ్చిపులుసు. వాళ్లు తిని లేచాక స్టీలు పళ్లేల గుట్ట. ఆ గుట్టను ఏళ్ల తరబడి తోమిన లచ్చమ్మ చేతులు నెర్రెలు బారాయి. ఇక నీళ్లలో పెడితే ఆ వేళ్లు ముడవడానికి కూడా పనికిరావని డాక్టరు చెప్పాడు. లచ్చమ్మ సరేనంది. ఇంటికి వచ్చి మళ్లీ తోమింది. తోమకపోతే ఖానావళి మూతపడుతుంది. పెంటమ్మ పొయ్యి దగ్గర ఉండాలి, వడ్డన చూడాలి. మనిషిని పెడితే, ఆ గుట్ట చూసి మర్నాడు రావడం లేదు.

సరిగ్గా అప్పుడే చోర్ బజార్లో, భంగారు అనే తుక్కు సామాన్ల మధ్య, ఆ మిషను పెంటమ్మ కంట పడింది. ఏదో బంగళావాళ్లు చెడిపోయిందని వదిలించుకున్న ఫారిన్ సరుకు. భంగారువాడికి కొన్నాళ్లు తన ఖానావళిలో తిండి పెడతానని ఒప్పించి, హమాలీలతో మోయించి, గిన్నెలు తోమే మోరి పక్కన దింపించింది.

మిషను చూడమని పిలిపిస్తే రాజమల్లు వచ్చిన రోజు వాన దంచికొడుతోంది. అతను గ్రాంట్ రోడ్ దగ్గర రిపేరు దుకాణంలో పనిచేసేవాడు. వర్లి చాల్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. సమ్మె తర్వాత తండ్రి పనిచేసే బట్టల మిల్లు మళ్లీ తెరవలేదు. దాంతో చదువు ఆపి, ఫ్యాన్లు, మిక్సీలు విప్పడం నేర్చుకున్నాడు. తల తుడుచుకుంటూ మిషను తలుపు తెరిచి, అంతా తెలిసినవాడిలా తలాడించాడు.

"వాషింగ్ మిషన్. ఫారిన్‌ది. ఏక్‌దమ్ సాలిడ్. దీంట్ల చీరలు ఏసేటప్పుడు..."

"చీరలా?" పెంటమ్మ రొట్టెల పిండి చేతులతోనే వచ్చింది. "మల్ల లోపట గీ తీగల అరలు ఎందుకున్నయి? ఆరేసేతందుకా?"

రాజమల్లు అరల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్లీ అరల వైపు చూశాడు.

"గిన్నెలు తోమే మిషనయ్యా గది. తెల్వదంటే తెల్వదని చెప్పు. నేనేం కొట్ట."

"తెల్వదని ఎవలన్నరు? టెస్ట్ చేసిన."

"నన్నా?"

"నిన్నే. కస్టమర్‌కు తన మాల్ ఏందో ఎరుకుండాలె గద."

"నాకెరుకే. మెకానిక్కుకు ఎరుకైనంక చెప్పు, గందాంక చాయ్ పెడత."

అతనికి కోపం రావాలి. రాలేదు. చాయ్ వచ్చింది, అల్లం దంచి వేసినది. తాగుతూ మిషను వెనక పలక విప్పాడు.

చాల్‌లో నల్లా పొద్దున కాసేపే వస్తుంది, అదీ సన్నటి ధార. అందుకని అటక మీద డ్రమ్ము పెట్టి, అక్కణ్నుంచి మిషనుకు రబ్బరు పైపు దించాడు. స్విచ్ వేస్తే నీళ్లు నిండాయి. నిండినవి బయటికి పోలేదు. మిషను మూలిగి మూలిగి ఆగిపోయింది.

"మోటర్ కాలింది. వైండింగ్ మార్చాలె."

"ఆగు. ఇంకొక్కపారి ఎయ్యి." పెంటమ్మ మోకాళ్ల మీద కూర్చుని మిషను పొట్టకు చెవి ఆనించింది. "గిది కాలిన సప్పుడు గాదు. పిండి గిర్నిల రాయి పడ్డ సప్పుడు. తిరగాలని చూస్తున్నది, ఏందో అడ్డం వడ్డది. ముందుగాల గా జాలి తీయి."

అతను అడుగున ఉన్న జల్లెడలాంటి జాలి తీశాడు. దాని కింద పంపు రెక్క. అతని చెయ్యి పట్టలేదు. ఆమె సన్నటి వేళ్లు లోపలికి పోయి, తడిమి, ఏదో పట్టుకుని బయటికి వచ్చాయి.

చింతగింజ!

ఒక్క చింతగింజ అడ్డం పడినందుకు అంత మిషన్నూ భంగారుకు వేశారు బంగళావాళ్లు. రాజమల్లు గింజ వైపు చూడలేదు. చెవి దగ్గర గ్రీజు మరక అంటిన ఆ పిల్లనే చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నవ్?"

"ఏం లే. ఎక్కడ నేర్చుకున్నవ్?"

"పొద్దుగాల్లేస్తే గిర్ని దగ్గర నిలబడుడే నా పని. నీకు చెవులు లేవా?"

మర్నాడు నురగ గోల. పెంటమ్మ బట్టల పౌడరు గుప్పెడు వేసింది. మిషను తలుపు సందుల్లోంచి నురగ పొంగి, మోరి దాటి, వరండా దాటి, గల్లీలోకి నడిచింది. రాజమల్లు దాన్ని ఆపబోయి జారి అందులోనే కూర్చున్నాడు. లేచేసరికి మీసాలు తెల్లబడ్డాయి.

"అయ్యో, ముసలోడివైపోతివి!" పెంటమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇగ నీకు పిల్లనెవలిస్తరు?"

"నువ్వు నవ్వుడు ఆపినంక అడుగుత."

ఆమె నవ్వు టక్కున ఆగింది. ఇద్దరూ నురగ ఎత్తిపోసే పనిలో పడ్డారు, చాలా శ్రద్ధగా. మిషనుకు నురగ గిట్టదని, నురగొస్తే లోపలి నీళ్ల జల్లు పళ్లేలకు తగలదని రాజమల్లు తేల్చాడు. వాషింగ్ సోడా వేశారు. పళ్లేలు మొహం చూసుకునేట్టు వచ్చాయి. లచ్చమ్మ ఒక పళ్లెం తీసి, వాసన చూసి, వెలుతురుకు పట్టి, చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మిషను బాగైంది. అయినా రాజమల్లు రోజూ రావడం మానలేదు.

"మల్ల ఏ మర ఊడింది బిడ్డా?" అంది లచ్చమ్మ.

"ఊడలే. ఊడుతదేమోనని చూస్తున్న అత్తా."

పెంటమ్మ తిప్పుతున్న గరిటె ఆగింది. "అత్తనా? మొన్నటిదాంక మౌషీ మౌషీ అంటివి గద?"

"మౌషీ అంటే మరాఠీల చిన్నమ్మ, గప్పుడు నువ్వు నాకు చెల్లెవైతవు," అన్నాడు మర బిగిస్తూ. "గది నాకు నచ్చలే."

ఇంత తెలివైనవాడు నోరు అదుపులో పెట్టుకోవద్దా?

ఒక సాయంత్రం కూలీలందరూ బంతిగా కూర్చుని తింటున్నారు. వాళ్ల మేస్త్రి చంద్రయ్య అన్నం కలుపుకుంటూ మిషను వైపు చూశాడు. "ఎన్ని నీళ్లు తాగుతదిరా గిది?"

"ఒక్క బకెటే కాకా!" రాజమల్లు ఛాతీ విరిచాడు. "అవ్వే నీళ్లు కిందికెల్లి మీదికి చిమ్ముతది, మీదికెల్లి కిందికొస్తయి, మల్ల చిమ్ముతది. ఒక్క సుక్క వేస్ట్ గాదు!"

చంద్రయ్య చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"అవ్వే నీళ్లా? అంటే గీని ఎంగిలి నా పళ్లెం మీద, నా ఎంగిలి ఆని పళ్లెం మీద?"

ఎవరూ నమలడం లేదు. చంద్రయ్య లేచాడు. "పైసలిచ్చి తింటున్నం బిడ్డా. ఎంగిలాకులు నాకుతలేం." కలిపిన అన్నం అలాగే వదిలి వెళ్లాడు. వెనకే అందరూ.

ఊళ్లో హోటల్ ముందు తమకు వేరే గ్లాసు పెట్టినందుకు కడుపు మండి బొంబాయి వచ్చినవాళ్లు వీళ్లు. ఇక్కడ పక్కవాడి పళ్లెం చూసి ముక్కు మూసుకున్నారు. మనవాళ్లే అయినా అనక తప్పదు. సిగ్గుచేటు!

పెంటమ్మ రాజమల్లు ఎదురుగా వచ్చి నిలబడింది. "నోరు లేని మిషను మంచిగనే ఉన్నది. నోరున్న మెకానిక్కే చెడగొట్టిండు. పో."

"పెంటా, నేను..."

"పో అన్న గద."

వెనక లచ్చమ్మ అప్పటికే మోరి దగ్గర కూర్చుంది. ఆ పళ్లేలను మిషనులో వేస్తే రేపు ఒక్కరు కూడా తిరిగి రారని ఆమె భయం. సోడా నీళ్లు నెర్రెల్లోకి దిగుతుంటే పళ్లు బిగబట్టింది. రాజమల్లు అది చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు.

పొద్దున్నే మళ్లీ వచ్చాడు.

"ఎందుకొచ్చినవ్?"

"సగం చూసి మొత్తం చెప్పిన. ఇయ్యాల మొత్తం చూస్త."

మిషను నీళ్లు బయటికి పోసే పైపును మోరిలోంచి తీసి బకెట్లో పెట్టాడు. రాత్రి లచ్చమ్మ తోమలేక వదిలిన ఎంగిలి పళ్లేలు సర్ది, స్విచ్ వేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి మిషను పప్పు రంగు నీళ్లు బకెట్లోకి కక్కింది. తర్వాత డ్రమ్ములోంచి కొత్త నీళ్లు గడగడా లాక్కుంది. అతను బకెట్ మార్చాడు. ఈసారి బియ్యం కడిగిన నీళ్లలా వచ్చాయి. మళ్లీ కొత్త నీళ్లు. మళ్లీ బకెట్. చివరి బకెట్ అడుగున తుప్పు మచ్చ కూడా కనిపించేంత తేటగా ఉంది.

"పెంటా! గిది పాత నీళ్లు పారబోస్తది! ప్రతిసారి కొత్తయి తీసుకుంటది!"

ఆమె వచ్చి బకెట్లన్నీ చూసింది. శభాష్ అనలేదు. లోపలికి వెళ్లి, రాత్రి తల్లి పళ్లేలు తోమి ముంచిన గంగాళాన్ని ఈడ్చుకొచ్చింది. మీద నూనె తెట్టు తేలుతోంది. "గిది గూడ పక్కన పెట్టు."

రాజమల్లు కంగారుపడ్డాడు. "వద్దు. గది చూస్తే కాకోళ్లు మల్ల జన్మల ఈడికి రారు."

"రాకుంటే మానె. దాచిపెట్టి నేను బువ్వ పెట్ట."

అప్పుడే అనుకున్నాడతను, బతికితే ఈమెతోనే బతకాలని.

సాయంత్రం చంద్రయ్య తన మనుషులతో వచ్చాడు, తినడానికి కాదు. రేపట్నుంచి వేరే ఖానావళి చూసుకున్నామని చెప్పడానికి. గడప బయటే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పో కాకా, ఎవలు ఆపిన్రు?" అంది పెంటమ్మ. "పోయే ముందు గిది చూడు. అవ్వ తోమేటప్పుడు మీ పళ్లేలన్నీ గీ ఒక్క గంగాళంలనే ముంచి తీసేది. ఒకటీ రెండు దినాలు గాదు, మీరు ఈడికొచ్చినప్పటి సంది. నల్లా నీళ్లు గన్నే ఉంటయి, ఏం జేస్తది? గప్పుడు ఎవలికి యాదికి రాలే ఎంగిలి."

తల్లిని ముందుకు లాగి రెండు చేతులూ తిప్పి చూపించింది. అరచేతుల నిండా పచ్చి చీలికలు. "గీ నెత్తురు గూడ గా నీళ్లల్లనే కలిసింది. చెప్పు కాకా, గిది ఎవలి ఎంగిలి?"

లచ్చమ్మ చేతులు వెనక్కి తీసుకోబోయింది. పెంటమ్మ వదల్లేదు. చూరు నుంచి వాన నీళ్లు కారుతూనే ఉన్నాయి. చంద్రయ్య తల గుడ్డ తీసి చేత్తో నలిపాడు.

"మాకెందుకు చెప్పలే లచ్చమ్మా?"

"చెప్తే ఏం జేద్దురు అన్నా?"

చంద్రయ్య తల గుడ్డ భుజాన వేసుకున్నాడు. బకెట్ల వైపు తిరిగి, చివరిదాన్ని అనుమానంగా చూశాడు. "ఏ మెకానిక్కూ, గిది నల్లా నీళ్లు పట్టి పెట్టలే గద?"

"మల్ల నడిపియ్యాల్నా కాకా?"

"నడిపియ్యి."

సినిమాకు కూర్చున్నట్టు మోరి చుట్టూ అందరూ గొంతుక్కూర్చున్నారు. మిషను కక్కినప్పుడల్లా ఒకడు "ఆ, పోయినయి" అన్నాడు, లాక్కున్నప్పుడల్లా ఇంకొకడు "ఆ, కొత్తయి" అన్నాడు. ఆగగానే చంద్రయ్యే తలుపు తెరిచాడు. పొగలు కక్కుతున్న పళ్లెం తీసి, అబ్బా అని చేతులు మార్చుకుని, గడప లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"వడ్డించు బిడ్డా. పళ్లెం సల్లగైతది."

అందరూ తిని వెళ్లాక పళ్లేలన్నీ మిషను పొట్టలోకి చేరాయి. పెంటమ్మ అప్పుడు తిండికి కూర్చుంది. రాజమల్లు గోడకానుకుని వాన చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"తిన్నవా?"

"లే."

"పళ్లెం లేదు. గిదొక్కటే ఉన్నది." సగం తిన్న తన పళ్లెం ముందుకు జరిపింది. "నా ఎంగిలి. గిట్టకుంటే మిషను అయ్యేదాంక ఆగు."

"ఆగ." వచ్చి ఎదురుగా కూర్చుని ముద్ద కలుపుకున్నాడు. "రోజూ గిదే పళ్లెంల పెడతవా?"

"రోజూ వర్లికెల్లి వస్తవా?"

"వచ్చుడెందుకు? ఇక్కణ్నే ఉంట."

ఎవరికీ జవాబు బాకీ పెట్టని పెంటమ్మ మొదటిసారి తడబడింది. చేసేదేమీ లేక అతని వైపు ఉల్లిపాయ ముక్క జరిపింది. మిషను గడగడమని కొత్త నీళ్లు లాక్కుంటోంది.

చాప మీద లచ్చమ్మ చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది: "ఏందే, పెండ్లి గాకముందే ఒక్క పళ్లెంల బువ్వంబంతా? జర ఓపిక పట్టున్రి. ముందుగాల వర్లి పోయి ఈని అవ్వను అడగాలె."

"ఎవలు పోతరే అవ్వా?"

"నేనే పోత. ఇగ నా చేతులు ఖాళీయే గద."