మ్యాపులో చీకటి చుక్కలు

కాలింగ్ బెల్ మోగితే ఏజెంట్ నైన్ తలుపు తీశాడు. అదే అతను చేసిన ఆఖరి పని. సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో హంతకుడు మెట్లు దిగేసరికి, లోపల కుక్కర్ ఇంకా కూస్తూనే ఉంది.

"వారంలో ఇది రెండో హత్య," అన్నాడు చీఫ్. "మనవాళ్లు తరచూ ఇళ్లు మారుతుంటారు. ఎవరు ఎక్కడుంటారో నాకే తెలీదు. ఆ విదేశీ ముఠాకి ఎలా తెలుస్తోంది?"

ఎదురుగా నిలబడ్డ ఏజెంటు పిల్లి. అడుగుల చప్పుడు వినపడదని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

"ఇంటర్నెట్ కంపెనీలో నిఘా గది ఉందిగా. ఊళ్లో ఎవరు ఏం చూస్తున్నారో అక్కడ కనిపిస్తుంది. నేరస్థుల్ని పట్టుకోడానికి మనమే పెట్టించాం. లీకు అక్కడేనని నా అనుమానం," అన్నాడు చీఫ్.

"అక్కడి ఇన్‌చార్జి మా వదిన సార్. నిప్పులాంటి మనిషి."

"అందుకే నిన్ను పంపిస్తున్నా."

మధ్యాహ్నానికి పిల్లి ఏసీ మెకానిక్ అయిపోయాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా. అది చూసిందల్లా చీఫ్ దగ్గర కనిపిస్తుంది.

"కంప్రెసర్ మూలుగుతోందా మేడమ్?" అన్నాడు, కోడ్ ప్రకారం.

"మూలగడం లేదు, అలిగింది," అంది వదిన నవ్వుతూ. గదంతా ఖరీదైన సెంటు వాసన. "కాఫీ తెస్తానుండు మరిదీ."

అన్నయ్య డ్యూటీలో పోయినప్పుడు ఆమె కన్నీళ్లు తుడిచింది పిల్లే. పిల్లి కూతురికి పేరు పెట్టింది ఆమే.

గోడ నిండా మ్యాపు. నెట్ ఉన్న ప్రతి ఇల్లూ ఒక వెలుగు చుక్క. అక్కడక్కడా కొన్ని చీకటి చుక్కలు. పిల్లికి అప్పుడు తట్టింది. ఏజెంట్ల ఇళ్ల మీద నిఘా వద్దని మినహాయింపు అడిగింది తనే! ఆరిన చుక్క ఉన్నచోటల్లా ఏజెంటు ఉన్నాడని ఊరికి చాటినట్టే. రెండు చుక్కల మీద ఎర్ర గీతలున్నాయి. ఒక పచ్చ బాణం మూడోదాని వైపు కదులుతోంది. అది తన ఇల్లు.

"వదినా, ఈ మ్యాపు ఇంకెవరు చూస్తున్నారు?"

"ఆ బాణం ఉందే, ఆ వ్యాన్‌లో వాళ్లు." ఆమె కాఫీ అతని ముందు పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "మీ అన్న తిరిగి రాడని తెలిసే పంపాడు మీ చీఫ్. నువ్వు వాడికే సలాం కొడుతున్నావు."

"ఇంట్లో నీ తోడికోడలు ఉంది. పాప ఉంది."

"తెలుసు."

ఆ ఒక్క మాటకి అతనిలో ఏదో తెగిపోయింది. కాఫీ రంగు చూస్తే చాలు, సరిగ్గా తనకి నచ్చినట్టే కలిపింది.

బాణం తన వీధిలోకి తిరిగింది. పిల్లి చెయ్యి మ్యాపు నడిపే మౌస్ మీదే ఉంది. మినహాయింపు బటన్ నొక్కితే, ఎవరికి అని తెర అడిగింది: ఇల్లు, వీధి, ఊరు. 'ఊరు' నొక్కాడు. పిస్టల్ పేలింది. తూటా భుజాన్ని చీల్చింది. ఊళ్లో చుక్కలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఏ తలుపు కొట్టాలో తెలియక బాణం నడివీధిలో ఆగిపోయింది.

పిల్లి పిస్టల్ లాగేసుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. భుజం కంటే మనసు ఎక్కువ మండింది.

"శభాష్!" చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు. "కెమెరాలో అంతా చూశాం. వ్యాన్ దొరికింది. ఇక నిఘా ఆన్ చెయ్యి. ఊళ్లో ఇంకా దొంగలున్నారు."

"మా అన్న తిరిగి రాడని మీకు ముందే తెలుసా సార్?"

"ముందు నిఘా ఆన్ చెయ్యి," అన్నాడు చీఫ్.

"అయితే దానికి వేరే మనిషిని చూసుకోండి సార్," అన్నాడు పిల్లి. "నేను ఏసీ బాగుచేయడానికొచ్చాను."