చోప్ చేసిన కుర్చీ

సింగపూర్ ఆంగ్ మో కియోలో, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కీర్తిక పళ్లెంతో తిరిగొచ్చేసరికి, ఆమె టిష్యూ పొట్లం పెట్టి వెళ్లిన కుర్చీలో ఓ అబ్బాయి దర్జాగా కూర్చున్నాడు. పైగా ఆ టిష్యూలతోనే ముక్కు తుడుచుకుంటూ "అమ్మో" అని తుమ్ముతున్నాడు.

"హలో, తెలుగా? ఈ సీటు నేను చోప్ చేశాను లా!"

"చోపేంటండి? పాపం ఎవరో పొట్లం మర్చిపోయారనుకున్నాను."

పొట్లం పెడితే కుర్చీ మనదైనట్టేనని, మాట చివర ‘లా’ అనడం ఇక్కడి అలవాటని, భీమవరం నుంచి వారం క్రితమే దిగిన మహీధర్‌కేం తెలుసు? కీర్తిక పకపకా నవ్వింది. తుమ్ముతో మొదలైన పని ముందుకు సాగదంటారు పెద్దలు. వాళ్లిద్దరూ ఆ శకునాన్ని లెక్కచేయలేదు.

ఏడాది తిరిగేసరికి, ఆసియా దేశాల టీవీ పాటల పోటీకి సింగపూర్ తరఫున కీర్తిక ఎంపికైంది. పాట తనే కట్టుకుంది, వదిలి వెళ్లిపోయిన ప్రియుడి మీద. వన్-నార్త్‌లో ఆఫీసు వదలగానే మహీధర్ రిహార్సల్‌కి వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు.

"ఎలా ఉంది?"

"గొంతు తేనేనండి. కానీ వెళ్లిపోయినోడి గురించి పాడతా ఆ నవ్వేంటండి? బస్సు మిస్సయినంత బాధ కూడా లేదు."

"నన్నెవరూ వదిలి వెళ్లలేదు. వాట్ టు డూ?"

ఎదురుగా అతను కూర్చుంటే ఏడుపెలా వస్తుంది? ఆ మాటే ఫైనల్ అయ్యాక చెబుదామని దాచుకుంది పిచ్చిపిల్ల.

ఫైనల్‌కి ముందే మహీధర్ ఉద్యోగం పోయింది, దాంతో సింగపూర్‌లో ఉండనిచ్చే పాసూ పోయింది.

"ఆదివారం ఫ్లైటండి."

"ఫైనల్‌కి ఉండవా?"

"ఏ దేశంలో ఉంటే ఆ దేశం పాటకి ఓటెయ్యకూడదని రూలు కదండి. ఇక్కడుండి ఏం లాభం? ఇండియా నుంచైతే నా ఓటు మీకే."

అతను నవ్వాడు గానీ ఆమెకేసి చూడలేదు. వెళ్లకు అందామనుకుంది.

"ఓకే లా," అంది.

ఫైనల్లో ముందు వరసలో అతను కూర్చునే చోట ఇంకెవరో కూర్చున్నారు. కీర్తిక పాడింది. నవ్వు దానంతటదే పోయింది. రెండో చరణంలో గొంతు పూడుకుపోతే హాలంతా ఊపిరి బిగబట్టి విన్నది. సింగపూర్‌కి అయిదో స్థానం వచ్చింది. ఇండియా నుంచి కాసిని పాయింట్లే.

ఫోన్ మోగింది.

"ఆ కాసిన్నిట్లో నాదీ ఉందండి."

"మహీ, ఐ లవ్ యూ. ముందే చెప్పాల్సింది."

"పాటలో వినపడిందండి. నాకూ అంతే. ముందే చెప్పుకోవాల్సింది మనం."

"మళ్లీ వస్తావు కదా?"

"అక్కడ ఎక్కడా ఉద్యోగం దొరకలేదండి. వస్తానని మీకు అబద్ధం చెప్పలేను."

మర్నాడు మధ్యాహ్నం కీర్తిక అదే హాకర్ సెంటర్‌కి వెళ్లి, ఎదుటి కుర్చీలో టిష్యూ పొట్లం పెట్టి కూర్చుంది. చుట్టూ జనం కిటకిటలాడుతున్నారు. ఓ ముసలి ఆంటీ పళ్లెం పట్టుకుని వచ్చి ఆ కుర్చీ దగ్గర ఆగింది.

"ఎవరైనా వస్తున్నారా, గర్ల్?"

కీర్తిక పొట్లాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత చేయి చాచి దాన్ని తీసుకుంది. ఒక టిష్యూ లాగి కళ్లు తుడుచుకుంది.

"ఎవరూ రారు, ఆంటీ. కూర్చోండి."