పన్నెండో మనిషి కన్నీళ్లు

ఉదయం ఆరున్నరకు ఆడపిల్లల హాస్టల్ వంటశాలలో పన్నెండు కత్తిపీటల ముందు పన్నెండు మంది కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. పదకొండు మంది పొడి కళ్లతో కబుర్లాడుకుంటున్నారు. పన్నెండో మనిషి సుంకమ్మ. ఆమె కళ్ల నుంచి నీరు ధారగా కారుతోంది.

గుమ్మంలో నిలబడిన నాగవేణి తల పట్టుకుంది. పదకొండు గంటలకు ఆమె ఎమ్మెస్సీ మౌఖిక పరీక్ష.

కర్నూలు సీమకు జన్యుకలం వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు. కలమంటే సిరా పోసేది కాదు. విత్తనం లోపలి రాతను చెరిపి, మనకు కావలసినట్టు తిరగరాసేది. అది వచ్చాక సొరకాయలు లారీలో సర్దుకోవడానికి వీలుగా ఇటుకల్లా కాస్తున్నాయి. దోమలు కుడతాయి గానీ చెవి దగ్గర పాడవు. గేదె పొదుగు నుంచి నేరుగా పెరుగే తీస్తానని ఒక మహానుభావుడు పదేళ్లు తపస్సు చేశాడు. మజ్జిగ దాకా వచ్చి ఆగిపోయిందంటారు. నమ్మేవాళ్లు నమ్మవచ్చు.

జన్యు ఇంజనీరింగులో పట్టా కావాలంటే ప్రతి విద్యార్థీ ఏదో ఒక పంటలో ఒక దోషం తుడిచి చూపించాలి. పెద్ద దోషాలన్నీ ముందువాళ్లు తుడిచేసి పోయారు. నాగవేణి వంతుకు ఉల్లి మంట మిగిలింది. ఉల్లిని కోయగానే కళ్లు మండించే ఆవిరిని పుట్టించే జన్యువును ఆమె రెండేళ్లు కష్టపడి మూసేసింది. రుచి పోలేదు, వాసన పోలేదు, మంట ఒక్కటే పోయింది. ఇక మనుషుల మీద పరీక్ష. యంత్రంతో కోస్తే నీరు కారి బొరుగుల ఉగ్గాని ముద్దవుతుందని ఈ హాస్టల్లో ఇంకా చేత్తోనే తరుగుతారు. అందుకని తరిగేవాళ్లందరి కంటి కొసనా ఆమె ఒక అశ్రుమాపకం అంటించింది. పేరు అంత పొడుగు గానీ వస్తువు బియ్యపుగింజంత. ఎవరికి ఎప్పుడు ఎన్ని చుక్కలు వచ్చాయో నిమిషాలతో సహా రాసిపెడుతుంది.

నెల రోజులు రాసింది. పదకొండు మంది లెక్క సున్నాకు దిగింది. సుంకమ్మది దిగలేదు. ఈ నెలలో పట్టా చేతికొస్తేనే నాగవేణికి విత్తన కేంద్రంలో ఉద్యోగం.

ఆమె సుంకమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. "పెద్దమ్మా, నీ బుట్టలో గడ్డలు ఎవరైనా మార్చినారా?"

"ఎవురు మారుస్తారు పాపా? నువ్వు తూచి ఇచ్చినేవే." సుంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ ఎర్రగడ్డలు మంచివే. నా కండ్లే మంచివి కావు."

నాగవేణి చేతిలోని పలకపై సుంకమ్మ లెక్కను రోజు మొత్తంగా కాక, మొదటిసారి నిమిషాలవారీగా తెరిచింది. కత్తిపీట ముందు కూర్చున్నది ఆరున్నరకు. కన్నీరు మొదలైంది ఆరూ ఇరవైకి. నిన్నా అంతే, మొన్నా అంతే. ఉల్లి బుట్ట రాకముందే కన్నీరు వస్తోంది.

ప్రాణం లేచి వచ్చింది. మంట ఉల్లిది కాదని రుజువు చేతిలోనే ఉంది.

"పెద్దమ్మా, ఆరూ ఇరవైకి ఏమైతాది?"

కత్తిపీట మీద చేయి ఆగింది. సుంకమ్మ మిగతా పదకొండు మందినీ ఓసారి చూసి గొంతు తగ్గించింది. "నా బిడ్డ లింగమ్మకు జడ ఏసే ఏళ. పాము కరిచి పాయ. పదకొండేండ్లాయ. మీరంతా తల దువ్వుకుంటా కిందికి దిగుతారే, అప్పుడు వస్తాది. ఎర్రగడ్డ ముందర కూచుంటే ఎవురూ అడగరు కదా అని ఈ పనే అడిగి తీసుకున్న్యా."

"అదే మాట పరీక్షలో చెప్తా. నీ పేరు చెప్పను."

"పన్నెండు మందిలో నన్ను కనిపెట్టలేరా?" ఆమె నవ్వింది, ముక్కు ఎగబీలుస్తూనే. "తెలిసిన మర్నాడే సూది పొడుస్తారు పాపా."

నాగవేణి ఆ సంగతే మరిచిపోయింది. కత్తి, నిప్పు, బండి, ఈ మూడింటితో పనిచేసేవాళ్లకు దుఃఖం పనికిరాదని రూలు. అలాంటివాళ్లకు శోకహారిణి ఇస్తారు. ఒక్క సూదితో మెదడులో బాధ రాత కొట్టేస్తారు. జ్ఞాపకం ఉంటుంది, నొప్పి ఉండదు.

"మా మరిది ఏయించుకున్న్యాడు," అంది సుంకమ్మ. "పెండ్లాం ఫొటో చూసి, ఈ చీర బాగుండ్య కదా అంటాడు. అంతే. నాకు అట్ల వద్దు. ఏడిస్తేనే అది నా దగ్గర ఉన్నట్టుంటాది."

నాగవేణి లేచి వెళ్లిపోయింది. టిఫిన్ తినలేదు.

పదకొండు గంటలకు పరీక్ష గదిలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. నడుమ శాఖాధిపతి ఆచార్య మద్దిలేటి. ఆయన ముఖం ఎండాకాలపు తుంగభద్రలా ఎప్పుడూ పొడిగా ఉంటుందని పిల్లలు చెప్పుకునేవారు.

"పదకొండు మంది సరే. పన్నెండో మనిషి సంగతేంటమ్మా?"

నాగవేణి చేతిలో పలక ఉంది. వేలితో ఒక్కసారి తాకితే ఆరూ ఇరవై గోడ మీద వెలుగుతుంది. ఆమె పలకను ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"పొరపాటు నాదే సార్. పాత రకం సంచి ఒకటి కలిసిపోయింది. ఆమెకు నెలంతా అందులోవే పోయినాయి."

"నెలంతా?"

"నెలంతా సార్."

"ఎమ్మెస్సీ అమ్మాయి చేయాల్సిన పొరపాటేనా ఇది?" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి. పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలని, ఆరునెలల గడువని రాశారు. విత్తన కేంద్రం ఉద్యోగం ఆ గీతతోనే పోయింది.

మిగతా ఇద్దరూ వెళ్లిపోయారు. మద్దిలేటి మాత్రం కాగితాలు సర్దుతూ, సర్దినవే మళ్లీ సర్దుతూ ఉండిపోయాడు.

"ఆ పాత సంచి ఇంకా ఉందామ్మా?"

"ఎందుకు సార్?"

"మా క్వార్టర్లకంతా నీ గడ్డలే పంచినారు కదా. మా ఆవిడ ఈ నెలంతా వంటింట్లోకి పోతుంది, కత్తి పట్టుకుంటుంది, ఊరికే బయటికొచ్చేస్తుంది. ఏమీ మాట్లాడదు." కళ్లద్దాలు తీసి, తుడవనక్కర్లేని అద్దాలు తుడిచాడు. "మంట గడ్డలు అంగట్లో కొంటే ఎందుకని అడుగుతారు. పాతవి ఒక రెండు కిలోలు దొరికితే..."

"అమ్మగారికేనా సార్?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "ఒక కిలో ఆమెకు."

రెండో కిలో ఎవరికని నాగవేణి అడగలేదు. అలాంటి సంచే లేదని చెప్పడానికీ నోరు రాలేదు.

"ఆరునెలలు ఆగండి సార్," అంది. "పండిస్తాను."