కాయ ఒలిచిన చప్పుడు

మాది ద్రాక్షారామం పక్కన చిన్న ఊరు. మా మనవరాలు వినీల వీడియో గేములకి చప్పుళ్ళు చేస్తుంది. అదేం ఉద్యోగమే అంటే నవ్వుతుంది. కంపెనీ హైదరాబాదులో ఉందట, పని మాత్రం ఇంటి దగ్గరే. మా పాత ధాన్యపు గది కిటికీకీ తలుపుకీ బొంతలు కొట్టి, గోడలకి పరుపులు ఆనించి, నడుమ మైకు పెట్టుకుంది. బయట కాకి అరిచినా లోపలికి రాదు. చప్పుడని ఫ్యాను కూడా వేసుకోదు. పట్టపగలు ఆ గదిలోకి వెళ్ళినా ల్యాప్‌టాప్ వెలుగు తప్ప ఇంకేమీ ఉండదు. పాత వడ్ల వాసన, గోనెల వాసన, పిల్ల చెమట వాసన.

ఒకరోజు నన్ను కూర్చోబెట్టి గేము చూపించింది. ఒక మొరటువాడు గొడ్డలి పట్టుకుని మనుషుల్ని నరుక్కుంటూ పోతున్నాడు. తలలు ఎగిరి పడుతున్నాయి. చప్పుడు లేదు. నాకు నవ్వొచ్చింది.

“వీడేంటే, అరటిబోదెలు నరుకుతున్నట్టున్నాడు?”

“ఇప్పుడు చూడు మామ్మా,” అని హెడ్‌ఫోన్స్ నా చెవులకి పెట్టింది.

అదే బొమ్మ. అదే గొడ్డలి. ఎముక విరిగింది. తడిగా ఏదో చినిగింది. నా ఎడమ చెవి వెనక ఎవరో ఊపిరి పీల్చారు. నేను గబుక్కున కుడి పక్కకి ఒరిగిపోయాను.

వినీల చప్పట్లు కొట్టింది. “చూశావా! ఎడం పక్క చప్పుడైతే మనిషి కుడి పక్కకి జరుగుతాడు. ఎదర అడుగు పడితే వెనక్కి జరుగుతాడు. గొయ్యి ఎక్కడుంటే అక్కడికి నడిపించుకుపోవచ్చు.”

“ఆ విరిగిన ఎముకేంటే?”

“చెరుకుగడ.”

“ఓసి నీ తెలివి తగలెయ్యా!” అన్నాను. చెరుకు కొరుక్కుని తిన్నదాన్నే గాని, అందులో మనిషి ఎముక ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఆ వారం దానికి ఒక చప్పుడు కుదరలేదు. గేములో ఒక మనిషి వెల్లకిలా శూలం మీద పడాలి. సొరకాయని పొడిచింది. పనసకాయని చీల్చింది. తడి గుడ్డలు చింపింది. ఏదీ నచ్చలేదు. సాయంత్రంలోగా పంపకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట. అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ చప్పుడు ఎలా వస్తుందో నాకు తెలుసు.

మా వైపు కొబ్బరికాయలు ఒలవడానికి నేలలో గునపం పాతుకుంటారు. మొన పైకి ఉంటుంది. కాయని దానికి గుచ్చి మెలిపెడితే పీచు చినుగుతుంది. మా గునపం అటక మీద గోనెలో చుట్టి నలభై ఎనిమిదేళ్ళుగా ఉంది. దాని మీదే మా ఒలుపు మనిషి చిట్టియ్య పోయాడు. కాలు జారి పడ్డాడని చెప్పుకున్నారు. మనిషి ప్రాణం తీసిన ఇనుమును మా వాళ్ళు ఇంట్లో ఉంచుకోరు, గోదారికి ఇచ్చేస్తారు. మా ఆయన ఇవ్వనివ్వలేదు. ఇస్తే, కాలు జారి పడ్డవాడికి ఇంత హంగామా ఎందుకని ఊరు అడుగుతుందన్నారు. ఆయన పోయాక నేనైనా ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. పిల్ల కళ్ళు చూసి, పాత ఇనుమే కదా అనుకుని అటక మీద నుంచి దింపించాను. పసుపునీళ్ళతో కడిగాను. చిట్టియ్య మాట పిల్లతో అనలేదు.

గది మట్టినేలలో గునపం పాతాం. నా నడుము దాకా వచ్చింది. వినీల తలుపు మూసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వేలు పైకెత్తింది. నేను పచ్చికాయని మొనకి గుచ్చి మెలిపెట్టాను.

“మామ్మా, మాట్లాడకు.”

“మాట్లాడలేదే.”

“అయితే గట్టిగా ఊపిరి తియ్యకు.”

ఊపిరి బిగబట్టి ఇంకోసారి మెలిపెట్టాను. పీచు పర్రుమని చినిగింది. వినీల కళ్ళు పెద్దవయ్యాయి.

“ఇదే… అచ్చం మనిషే మామ్మా!”

దాని మొహంలో వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. కాయ తీసేసి, కింద కూలబడి పీచు ఏరుతున్నాను. వినీల నిలబడి, రికార్డు చేసినదాన్ని మళ్ళీ వింటోంది.

కాసేపటికి దాని నవ్వు పోయింది.

ఎదురుగా ఉన్న పరుపు వంక చూసింది. అక్కడ ఏమీ లేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఎవరది?” అంది గుసగుసగా.

నాకేమీ వినపడటం లేదు. ఇంకో అడుగు వెనక్కి… దాని పెదాలు కదిలాయి. చెవిలో పడుతున్నది తిరిగి అంటున్నట్టు, ముక్కలు ముక్కలుగా.

“వద్దండి… ఊరికే అన్నానండి… ఊరికేనండి…”

చేతిలో పీచు వదిలేశాను.

ఆ మాటలు నేను విన్నవే. ఆ రోజు నేను వంటింట్లో, గోడకి ఇవతల ఉన్నాను. చిట్టియ్య మా ఆయన్ని నలుగురిలో ఏదో వేళాకోళం ఆడాడు. ఆ నలుగురూ వెళ్ళాక మా ఆయన కిర్రుచెప్పులు ముందుకి నడిచాయి. కిర్రు… కిర్రు… చిట్టియ్య ఒట్టికాళ్ళు వెనక్కి నడిచాయి. ఊరికే అన్నానండి అంటున్నాడు. తరవాత పీచు చినిగిన చప్పుడు. కాసేపటికి ఇంకోసారి. పడ్డవాణ్ణి ఇంకా అదిమితేనే రెండోసారి వస్తుంది. పోలీసులు అడిగితే నేనేమీ చూడలేదండి అన్నాను. నిజమే, చూడలేదు.

“వినీలా!” అని అరిచాను. దానికి వినపడలేదు. చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి నడుస్తోంది. వెనక గునపం. రెండు అడుగులు… ఒక్క అడుగు…

లేచే వ్యవధి లేదు. పాకాను. మొన మీద అరచెయ్యి పెట్టేశాను.

దాన్నెవరో గుండెల మీద తోసినట్టు పిల్ల వెనక్కి విరుచుకుపడింది. పీచు చినిగిన చప్పుడు వచ్చింది. ఈసారి కాయ కాదు. మొన నా అరచేతిలోంచి దూసుకొచ్చి దాని నడుములో దిగి ఆగింది. నెత్తురు నా మోచేతి దాకా కారింది. ఇంకా ఎవరో అదుముతున్నారు. నా ఎముకలు పక్కకి జరగడం నాకు తెలుస్తోంది. రెండో చేత్తో వైరు పట్టుకుని లాగాను. హెడ్‌ఫోన్స్ ఊడి పడ్డాయి. బరువు పోయింది. పిల్ల ఎడమ చెవిలోంచి నెత్తురు మెడ మీదకి జారుతోంది.

రాజమండ్రి ఆసుపత్రిలో నా చేతికి కట్టు, దాని నడుముకి కుట్లు. వినీల రికార్డు చేసినదంతా ల్యాప్‌టాప్‌లోంచి తీసేసింది. ఎవరికీ పంపలేదు. ఉద్యోగం పోతే పోయిందంది. రెండో రాత్రి పక్కమంచం మీంచి అడిగింది.

“ఆ చెప్పులు ఎవరివి మామ్మా? కిర్రుమంటూ నా మీదకి వచ్చేశాయి.”

“నాకు తెలియదమ్మా,” అన్నాను. మళ్ళీ అదే పని చేశాను.

నిద్ర పట్టలేదు. గునపాన్ని గోదారికి ఇచ్చి, అక్కడే నిజం చెప్పేద్దామనుకున్నాను. లేకపోతే ఆ అడుగులు దీన్ని వదలవనిపించింది.

పదోరోజు పొద్దున్న కోటిపల్లి రేవులో చంద్రరావు పడవ ఎక్కాం.

“నీకో మాట చెప్పాలే,” అన్నాను. వినీల తలూపింది.

నడిగోదారిలో ఎడమచేత్తో గునపాన్ని నీళ్ళలో వదిలాను. నీళ్ళు ఎగిరి నా చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. చప్పుడు రాలేదు.

చంద్రరావు అటు తిరిగి తెడ్డు వేస్తున్నాడు. “ఇంకా వెయ్యలేదేంటండీ?” అన్నాడు.

“వేశానయ్యా,” అన్నాను.

“అమ్మగారూ, వేసెయ్యండి. ఎండెక్కుతోంది.”

వినీల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ చెప్పులు మీ తాతయ్యవే… నేను విన్నానే… అంతా విన్నాను… అని మొదలు నుంచి చివరి దాకా చెప్పాను. తెడ్డు చప్పుడు వినపడుతోంది. పైన పిట్టల అరుపు వినపడుతోంది.

వినీల నా మొహంలోకే చూస్తోంది.

“ఏదో చెప్తానన్నావు కదా మామ్మా. అలా ఊరుకున్నావేంటి?”