కల్బా కొండల్లో కంకర చప్పుడు

"మీ ఇంట్లో మాగాయ ఉందా?"

"మాగాయ అయిపోయింది. గోంగూర తింటారా?"

తలుపు తెరుచుకుంది.

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని ఆ ఫ్లాట్ చూసేవాళ్ళకి ఆడిట్ మేనేజర్ మూర్తి కాపురం. తెలిసినవాళ్ళకి భారత గూఢచారి శాఖ గల్ఫ్ స్టేషన్. కోడ్‌వర్డ్ ఎంపిక మాత్రం మూర్తి భార్య బాలత్రిపురసుందరిది. దాన్ని ప్రపంచంలో ఏ ఏజెన్సీ బ్రేక్ చెయ్యలేదని ఆవిడ ధీమా. 2007 ఫిబ్రవరి నాటికి ఆ ధీమాకి వచ్చిన లోటేమీ లేదు.

ఏజెంట్ కలీం లోపలికి అడుగుపెట్టే ముందు ఆగి, కారిడార్‌లోకి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఇంకా వినిపిస్తోందా?" అడిగాడు మూర్తి.

"వినిపిస్తానే ఉంది సార్. కంకర మీద సైకిల్ వస్తున్నట్టు. నేను ఆగితే అదీ ఆగిపోద్ది."

అది షాహుల్ సంగతని మూర్తికి తెలుసు. రెండేళ్ళ కిందట ఇటలీ కొండల్లో, శత్రువుల కొరియర్ ఒకణ్ణి వెంబడిస్తూ కలీం, అతని పార్ట్‌నర్ షాహుల్ టూరిస్టుల వేషంలో సైకిళ్ళు తొక్కారు. తెల్లటి కంకర దారులవి. ద్రాక్షతోటల మధ్య ఎక్కుతాయి, దిగుతాయి, మళ్ళీ ఎక్కుతాయి. ఒక్క కారు ఎదురుపడదు. మంచినీళ్ళకి ఒక్క కొట్టూ కనబడదు. నీళ్ళయిపోతే ఏం చెయ్యాలో షాహులే నేర్పాడు. ఊరి చివర శ్మశానానికి వెళ్ళాలి. సమాధుల మీద పూలకి పొయ్యడానికి అక్కడ కుళాయి ఉంటుంది. ఆ కొండల్లో తిరిగే సైకిలిస్టులందరికీ అదే అలవాటు.

ఆ రోజు కలీం శ్మశానంలో సీసాలు నింపుతుంటే షాహుల్ ముందుకి వెళ్ళిపోయాడు. కలీం చేరుకునేసరికి లోయ అంచున షాహుల్ సైకిల్ పడివుంది. దాని చక్రం ఇంకా తిరుగుతోంది. షాహుల్ లోయలో ఉన్నాడు. పోలీసులు యాక్సిడెంట్ అన్నారు, ఫైల్ మూసేశారు. అప్పట్నుంచీ కలీం ఎక్కడ నడిచినా వెనక కంకర నలుగుతూనే ఉంది.

"మిషన్ విను," అన్నాడు మూర్తి. "పెద్దిరాజు. విశాఖపట్నం. మన జలాంతర్గాముల సోనార్ డిజైన్ చేసిన ఇంజనీర్. ఒక విదేశీ ముఠా డిజైన్ అమ్మమని అడిగితే బండబూతులు తిట్టి పంపించాడు. ఇప్పుడాయన బతికుండకూడదని ఆ ముఠా ఆర్డర్ వేసింది."

"దుబాయ్‌లో ఏం జేస్తా ఉన్నాడు సార్?"

"సైకిల్ తొక్కుతున్నాడు. ఇటలీ కంకర దారులంటే ఆయనకి పిచ్చి. 'ట్రాఫిక్కే లేని దారులు' అని ప్రచారం చేసుకుంటూ ఇక్కడొక టూర్ కంపెనీ ఆ ట్రిప్పులు వేస్తుంది. బయల్దేరే ముందు తూర్పు తీరాన కల్బా ఊరి వెనక కొండల్లో ప్రాక్టీస్ రైడ్ పెడుతుంది. అవే ఎత్తులు, అలాంటి కంకరే. కంపెనీ నడిపేది మన అల్మాస్."

అల్మాస్ డబుల్ ఏజెంట్. ముఠాలో జీతం, మనకి సమాచారం. హైదరాబాద్ మనిషి. ఆమె నవ్వితే ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ క్యూ కూడా పక్కకి జరుగుతుందని స్టేషన్‌లో జోకు. ఇటలీ ఆపరేషన్‌ని రోమ్ హోటల్ గదిలో కూర్చుని ఫోన్ మీద నడిపించింది ఆమే. గది దాటి బయటికి రాలేదని రిపోర్ట్‌లో రాసింది.

"షూటర్ పైన కనుమలో కాపు కాస్తాడని అల్మాస్ ఇన్ఫర్మేషన్. మేమంతా అక్కడుంటాం. నువ్వు మెకానిక్ వేషంలో పెద్దిరాజు వెనకే ఉండాలి."

"ఆయనకి చెప్పినారా?"

"చెబితే భయపడడు. నలుగురికీ చెప్తాడు." మూర్తి టేబుల్ మీద ఒక సైకిల్ పంపు పెట్టాడు. "గాలి కూడా కొడుతుంది. హ్యాండిల్ తిప్పి నొక్కితే బుల్లెట్. ఒక్కటే ఉంది, ఆలోచించి వాడు."

శుక్రవారం పొద్దున్న రైడ్ మొదలైంది. అతికించిన గడ్డం, గ్రీజు మరకల చొక్కా, వీపున టూల్ బ్యాగ్‌తో కలీం అందరికన్నా వెనక తొక్కుతున్నాడు. తారురోడ్డు అయిపోగానే ఎండిపోయిన వాది మొదలైంది. వానొస్తే తప్ప నీరు పారని ఆ కొండవాగు పక్కన కంకర దారి పైకి పోతోంది. మనిషి లేడు, బండి లేదు. రైడర్లకి అదే ఆనందం. కలీంకి మాత్రం అదే భయం. బండ్లు తిరగని దారిలో సాక్షులు కూడా తిరగరు.

పైగా అతని టైర్ల చప్పుడుకి తోడు వెనక ఇంకో జత టైర్లు కరకరలాడుతున్నాయి. తిరిగి చూశాడు. దుమ్ము కూడా లేదు.

మొదటి ఎత్తులోనే మిగతావాళ్ళు చతికిలబడ్డారు. పెద్దిరాజు, అల్మాస్, కలీం మిగిలారు. తెల్ల హెల్మెట్ పెట్టుకున్న పెద్దిరాజు అరవయ్యేళ్ళ వయసులో కుర్రాడిలా తొక్కుతున్నాడు.

"ఏవయ్యా మెకానిక్కూ, మరీ అంత నత్తనడకైతే ఎలాగయ్యా?" అని అరిచి, హ్యాండిల్ మీదున్న జీపీఎస్ చూసుకుంటూ మలుపు తిరిగిపోయాడు. ఆ జీపీఎస్ కంపెనీ ఇచ్చింది. ఎక్కడ ఎటు తిరగాలో అదే బాణం గుర్తు చూపిస్తుంది.

ఎత్తు చివర చిన్న పల్లె వచ్చింది. పెద్దిరాజు అప్పటికే దాన్ని దాటేశాడు. అల్మాస్ దిగి, ఖాళీ సీసాలు రెండూ తీసుకుంది. "నీళ్ళు తెస్త, ఆగు మియా."

దారి పక్కనే మసీదు. దాని గోడకి స్టీలు వాటర్ కూలర్. ఈ దేశంలో నెల రోజులున్నవాడెవడైనా దాహమేస్తే కళ్ళు మూసుకుని అక్కడికే వెళ్తాడు. అల్మాస్ మసీదు దాటేసింది. ఆ పక్క కొండ అంచున ఖబరస్తాన్ ఉంది. గేటు తోసుకుని లోపలికి పోయి, గోడ వెంబడి వంగి వంగి చూస్తోంది. కుళాయి కోసం.

కలీం సైకిల్ దిగాడు. హైదరాబాద్ ముస్లిం పిల్ల తాగునీళ్ళ కోసం సమాధుల మధ్య వెతకదు. రోమ్ హోటల్ గదిలో కూర్చున్న మనిషికి ఈ అలవాటు అబ్బదు. ఆ తెల్ల కంకర దారుల్లో, ఎండలో, నాలుక పిడచకట్టుకుపోయేలా తొక్కినవాళ్ళ కాళ్ళే ఇలా శ్మశానం వైపు నడుస్తాయి.

అతను గేటు దాటి లోపలికి వెళ్ళాడు. "నీళ్ళు మసీదు కాడ ఉండాయి, అల్మాస్."

ఆమె నవ్వింది. "అరె, ధ్యాన్ లేదు."

"షాహుల్ పోయిన రోజు నువ్వు రోమ్‌లో లేవు. ఆ కొండల్లో ఉండావు."

నవ్వు మాయమైంది. సీసా కిందపడింది. ఆమె చేతిలో చిన్న పిస్టల్, అతని చేతిలో పంపు ఒకేసారి లేచాయి.

"మంచిగ పట్టినవ్," అంది అల్మాస్. "గానీ లేట్ అయింది. కనుమలో షూటరే లేడు. మీవోళ్ళు ఉత్తగ కూసున్నరు. ముసలాయన జీపీఎస్‌ల రూట్ మార్చిన. కింద పాత చెక్‌డ్యామ్ దిక్కు దింపుతది. డ్యామ్ నడుమ కొట్టుకపోయింది. ఆ వాలుల కంకర మీద బ్రేక్ కొడితే ఆగదు. ఇంకో యాక్సిడెంట్. ఖలాస్."

ఖబరస్తాన్ గోడ కింద మలుపులో తెల్ల హెల్మెట్ కనబడింది. పెద్దిరాజు జోరుగా దిగుతున్నాడు. కలీం ఒక్క కేక పెట్టాడు. గాలి ఎదురు కొడుతోంది, ఆయనకి వినబడలేదు. ముందున్న వంపు దాటితే దారి లేదు.

"నీ తాన ఒక్కటే గోలీ ఉంది గదా?" అంది అల్మాస్. "నన్ను కొడితే షాహుల్ పగ తీరుతది, ముసలాయన పోతడు. ఆయనను కాపాడినవంటే నువ్వు పోతవ్. యల్లా, సోంచాయించుకో."

రెండేళ్ళుగా ఈ మనిషి కోసమే కలీం నిద్రలు మానుకున్నాడు. వేలు బిగిసింది. చంపాలనే అనిపించింది. అయినా ఆ లోయ అంచున తిరుగుతున్న చక్రం కళ్ళలో మెదిలింది. ఇంకో చక్రాన్ని అలా చూడలేడు.

అతను ఆమెకి వీపు తిప్పి, గోడ మీదికి వంగి, పెద్దిరాజు వెనక టైరుకి గురిపెట్టి పేల్చాడు.

టైరు ఢామ్మంది. సైకిల్ అడ్డం తిరిగి ఈడ్చుకుపోయి, తెగిపోయిన డ్యామ్ అంచున ఆగింది. ముందు చక్రం గాల్లో ఉంది. మనిషి నేల మీద ఉన్నాడు.

కలీం కళ్ళు మూసుకుని తన వంతు బుల్లెట్ కోసం చూశాడు. రాలేదు.

కరకర. గేటు బయట కంకర నలుగుతోంది. సైకిల్ దగ్గరికొస్తోంది. కలీంకి అది కొత్త కాదు. కానీ అల్మాస్ గిర్రున వెనక్కి తిరిగింది.

"కౌన్? ఎవరది?"

దారి ఖాళీగా ఉంది. చప్పుడు మాత్రం గేటు దాటి లోపలికొచ్చింది. ఆమె ఆ ఖాళీలోకి పిచ్చిగా కాల్చింది. మళ్ళీ కాల్చేలోపు కలీం ఆమె మణికట్టు విరిచి పిస్టల్ లాక్కున్నాడు.

కనుమలోంచి మూర్తి, వెంట స్థానిక పోలీసుల జీపు దిగొచ్చేసరికి పెద్దిరాజు మోకాళ్ళు దులుపుకుంటూ పైకొచ్చాడు.

"ఎవరయ్యా ఇక్కడ మేనేజరు?"

"నేనేనండీ," అన్నాడు మూర్తి. ఆడిట్ మేనేజర్ గనక అది అబద్ధమూ కాదు.

"మీ మెకానిక్ టైరు సరిగా ఎక్కించలేదు. ఇంకాస్త ఉంటే ప్రాణం పోయేది! ముందు వాణ్ణి పన్లోంచి పీకేయండి!"

"తప్పకుండా చర్య తీసుకుంటామండీ."

జీపెక్కే ముందు అల్మాస్ ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు. నిమిషానికోసారి భుజం మీంచి వెనక్కి చూసుకుంటోంది.

"కలీం భాయ్, సచ్ చెప్పు. ఆ సైకిల్ చప్పుడు నువ్వు గూడ విన్నవ్ గదా? ఇగో, మళ్ళ వస్తుంది..."

కలీం చెవులు రిక్కించాడు. తన వెనక ఏమీ లేదు. షాహుల్ తన దగ్గర్నుంచి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో అల్మాస్ చూపుల్లో అర్థమైంది.

"చప్పుడేంది అల్మాస్?" అన్నాడు. "మీ కంపెనీ దారుల్లో ట్రాఫిక్కే ఉండదంట గదా!"