మెడపట్టీ

రామాంజినమ్మ ఆ పొద్దున ఉగ్గాని చేసింది. ముగ్గురిలో ఎవరూ సరిగా తినలేదు. ఎనిమిదిన్నర బస్సుకు అనంతపురం పోయి కూతురు రేఖను ఆపరేషన్ డాక్టరుకు చూపించాలి. వారం కిందట రేఖ ఆ మాట చెప్పినప్పటి నుంచి తండ్రి ఆదెప్ప ముభావంగా ఉన్నాడు.

రేఖకు ఇరవై ఏళ్ళు. ఏడేళ్ళప్పుడు పొయ్యి దగ్గర గౌను అంటుకుంది. ప్రాణం దక్కింది గానీ, గొంతు మీద కాలిన చర్మం మానుతూ మానుతూ ముడుచుకుపోయి గడ్డాన్ని రొమ్ము వైపు లాగేసింది. కింది పెదవి పూర్తిగా మూసుకోదు. పైకి చూడాలంటే నడుము వెనక్కి వంచాలి. ఇప్పుడు అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. మైక్రోస్కోపులోకి వంగి చూడడానికి తనంత వీలు ఇంకెవరికీ లేదని తనే నవ్వుతూ అంటుంది. వినేవాళ్ళు నవ్వలేరు.

ఎనిమిదేళ్ళప్పుడు బెంగళూరులో ఒకసారి ఆపరేషన్ జరిగింది. బిగుసుకున్న చోట కోసి వదులు చేసి, తొడ నుంచి పల్చటి చర్మం తీసి మెడకు అతికించారు. ఇంటికి వచ్చిన రోజు రేఖ తలెత్తి తండ్రి ముఖంలోకి చూసింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి మెడ మళ్ళీ బిగుసుకుంది, మునుపటికంటే గట్టిగా. ఆ పిల్ల చర్మం గుణమే అంత అని ఊళ్ళో ఎవరో అన్నారు. ఆదెప్ప డాక్టర్లను తిట్టుకున్నాడు. రేఖ మాత్రం ఊళ్ళోవాళ్ళ మాటే నమ్మి పెరిగింది.

అనంతపురం డాక్టరమ్మ మెడ మీది మచ్చను వేళ్ళతో ఒత్తి, పక్కలకు తిప్పి చాలాసేపు చూసింది. మళ్ళీ చేయవచ్చు, ఈసారి కాస్త మందంగా చర్మం తీస్తామని చెప్పింది. ఆ తర్వాత అతికించిన చర్మం గురించి వివరించింది. అది ఏడాదిపాటు ముడుచుకోవాలనే చూస్తుందట. మెడకు గట్టి పట్టీ కట్టి ఉంచితేనే ముడుచుకోకుండా ఉంటుందట. స్నానానికి తప్ప తీయకూడదట.

"అప్పుడు పట్టీ సరిగ్గా కట్టారా?" అని అడిగింది.

"రాత్రీ పగలూ కట్టే ఉణ్ణింది మేడం. వాళ్ళమ్మే కడ్తా ఉణ్ణింది," అన్నాడు ఆదెప్ప.

రామాంజినమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ ఆమె వైపు ఒకసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆదెప్ప తన తీర్పు చెప్పేశాడు. ఒకసారి కోయించి చూసింది చాలు, ఈ ఇంట్లో మళ్ళీ ఆ మాట ఎత్తకూడదన్నాడు. వాళ్ళు రాకపోతే తానొక్కతే పోయి ఆపరేషన్ చేయించుకుంటానంది రేఖ. మాటా మాటా పెరిగింది. ఆ డాక్టర్లకు నీ ఒళ్ళు నేర్చుకునే బొమ్మ అన్నాడు తండ్రి. నా ఒళ్ళు నా ఇష్టం అంది కూతురు.

"అంత చేసినా నిలబడకపాయె. ఇంగేం నమ్మకంతో పోతావు నువ్వు?"

"నేను తీసినాను," అంది రామాంజినమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె వంటగది గడపలో నిలబడి ఉంది. ఎవరి ముఖమూ చూడకుండా, ఆగి ఆగి చెప్పింది. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పట్టీ కింద చెమట, దురద. బిడ్డ గోళ్ళతో గోడలు గీకేది, అమ్మా అమ్మా అని కాళ్ళు పట్టుకునేది. ఆదెప్ప పొద్దున చేనికి పోగానే తీసేసేది. సాయంత్రం అతను వచ్చే వేళకు మళ్ళీ కట్టేది.

"ఎన్నాళ్ళు?" అన్నాడు ఆదెప్ప.

"నెల దాటినాక రోజూ."

అతను చెయ్యెత్తాడు. ఎత్తిన చేతిని ఏం చేయాలో తెలియనట్టు అలాగే ఉండి, దించుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా తాను తిట్టిన డాక్టర్లంతా గుర్తొచ్చి ఉంటారు.

రేఖ కదల్లేదు. ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"అంటే నా చర్మంలో దోషమేం లేదా?"

"లేదు తల్లీ."

"నా ఒళ్ళే చెడ్డదని పన్నెండేండ్లు అనుకుంటినే అమ్మా. నువ్వు పక్కనే ఉండి వింటాంటివే."

రామాంజినమ్మ దగ్గరికి రాబోయింది. రేఖ తన గదిలోకి పోయి తలుపేసుకుంది. తన ఒళ్ళు చెడ్డది కాదన్న సంతోషానికి ఏడ్వాలో, అమ్మ మీది కోపానికి ఏడ్వాలో ఆ పిల్లకు తెలియలేదు.

రెండు రోజులు ఆ ఇంట్లో ముగ్గురూ మూడు వేళల్లో అన్నం తిన్నారు. మూడో రోజు పొద్దున ఆదెప్ప పెరట్లో ముఖం కడుక్కుని వచ్చి, రేఖ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. భార్యను కూడా పిలిచాడు.

"మీయమ్మ ఒక్కదాని తప్పు కాదు," అన్నాడు. "ఆ ఏడు వాన చినుకు పడలా. చేన్లో విత్తనమే ఎయ్యలేదు. ఆడ నాకేం పనుండాది? నీ ఏడుపు వినలేక పోతాంటిని. పొద్దు గుంకేదాకా గట్టు మీద ఊరికే కూచొని వస్తాంటిని. దాన్నొక్కదాన్నే నీ కాడ ఇడిచిపెట్టి."

రామాంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి ఆమెకూ ఇప్పుడే తెలిసింది. రేఖ తండ్రి చేతిని పట్టుకోలేదు, తోసేయనూ లేదు. ఆపరేషన్‌కు తేదీ అడిగి రమ్మని మాత్రం చెప్పింది.

ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. అతికించిన చర్మం ఎడమ పక్క ఒక చిన్న ముక్క పట్టలేదు, మిగతాదంతా పట్టుకుంది. మెడ మీద రంగు తేడా ఉండిపోతుందని, మచ్చ పూర్తిగా పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. తల మాత్రం లేచింది. పెదవి మూసుకుంది. పట్టీ ఎలా కట్టాలో నర్సు చూపిస్తుంటే ఈసారి ఆదెప్ప కూడా నిలబడి నేర్చుకున్నాడు.

ఏప్రిల్ వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల అయినా దురద దురదే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రేఖ ఓర్చుకుని ఓర్చుకుని చివరికి పట్టీ కొక్కేల మీద చెయ్యి వేసింది. రామాంజినమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. వదలమని అరిచింది రేఖ. అప్పుడు రాని పట్టుదల ఇప్పుడు నా మీద చూపిస్తున్నావా అంది. ఇంకా చాలా మాటలు అంది. పన్నెండేళ్ళవి.

రామాంజినమ్మ అన్నిటికీ తల ఊపింది. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వదులైన కొక్కెం లాగి మళ్ళీ బిగించింది. ఆదెప్ప చేనికి పోలేదు, పక్కనే కూర్చుని విసనకర్రతో కూతురి మెడ మీదికి విసురుతున్నాడు.

చాలాసేపటికి రేఖ అరవడం ఆపింది. పట్టీ మీదున్న తల్లి చేతిని తడిమి, అక్కడే గట్టిగా అదిమి పట్టుకుంది.

"ఇడిచిపెట్టద్దు," అంది. "నేను ఎంత ఏడ్చినా ఇడిచిపెట్టద్దమ్మా."